కుడివైపుకు వెళ్ళిన గిటారు

జూన్ 3

కుడి స్పీకర్ చచ్చింది. చావడానికి దానికి ఇంతకన్నా మంచి సమయం దొరకలేదు. పాత రికార్డుల కూటమి వాళ్ళు ఇన్నేళ్ళకి నాకొక ఆదివారం ఇచ్చారు, ఈ నెలాఖరుది. "ఎవరికీ పట్టని బ్యాండ్లు" అని పేరు కూడా నేనే పెట్టాను. కాఫీ షాపు వెనక గదిలో పాతికమంది, అందరూ నాలాగే సైకెడెలిక్ రాక్ అంటే, ఆ కలలో తేలిపోతున్నట్టుండే పాత గిటారు సంగీతమంటే, పడిచచ్చేవాళ్ళు. వాళ్ళ ముందు మధ్యాహ్నమంతా నాకు నచ్చిన రికార్డులు వేసి, నోటికొచ్చినట్టు మాట్లాడొచ్చు. కళ్ళజోళ్ళ దుకాణంలో రోజంతా "ఈ అద్దం బాగుందా, ఆ అద్దం బాగుందా" అని అడిగే మనిషికి ఇంకేం కావాలి?

సాయంత్రం నీలిగుర్రం వేశాను. అట్ట మీద నీలిరంగు గుర్రం ఉంటుందని నేనలా పిలుస్తాను. ఆ బ్యాండు అసలు పేరు పలకాలంటే నోరు తిరగదు. రెండో వైపు ఆఖరి పాటలో గిటారు ఎడమ చెవి దగ్గర బయల్దేరుతుంది. తల వెనకనుంచి మెల్లగా నడిచి కుడి చెవికి చేరుతుంది. అక్కడ చాలాసేపు ఒక్కతే ఏదో వెతుక్కుంటుంది. ఆఖర్న మళ్ళీ ఎడమకి వస్తుంది. ఇవాళ బయల్దేరింది, వెళ్ళింది, అంతే. కుడివైపు గుడ్డలో చుట్టి దాచినట్టు ఏదో గొణుగుడు.

జలుబు కూడా చేసినట్టుంది. పొద్దున్న లేచినప్పటినుంచి కుడి చెవి దిబ్బడ వేసి ఉంది, లోపల జుయ్యిమని ఒకటే మోత. ఆవిరి పట్టాలి.

జూన్ 4

వైర్లు అటువి ఇటు, ఇటువి అటు మార్చాను. ఇప్పుడు ఎడమవైపు తగ్గాలి కదా. తగ్గలేదు. కుడివైపే. అంటే స్పీకరే, అనుమానం లేదు.

జూన్ 6

స్పీకర్లనే మార్చేశాం. ఆయన ఒక పక్క, నేనొక పక్క పట్టుకుని మోశాం. ఆయన నడుం పట్టుకుని కూలబడి, "ఈ తలనొప్పి పాటల కోసం నా వెన్ను కూడా విరగాలా?" అన్నారు. ఈ మాట పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టారు, ఇప్పటికీ మానలేదు.

మళ్ళీ కుడివైపే.

అంటే గది. కుడి గోడ పక్క బీరువా ఉంది, కిటికీకి మందపాటి పరదా ఉంది. శబ్దాన్ని అవే మింగేస్తున్నాయి. ఇన్నాళ్ళూ అవి అక్కడే ఉన్నాయి, నిజమే. కానీ పరదా ఈమధ్యే ఉతికాను.

జూన్ 7

పరదా తీసేశాను. బీరువా జరపడానికి ఆయన రానన్నారు.

దుకాణానికి ఒక పెద్దాయన వచ్చాడు. "నా కళ్ళకేం కాలేదమ్మా, పేపరువాళ్ళే ఇంకు తగ్గించేశారు" అన్నాడు. ఇలాంటివాళ్ళు రోజుకొకరు వస్తారు. వాదించకూడదు. కుర్చీలో కూర్చోబెట్టి, మెల్లగా ఒక్కో అద్దం వేసి చూపించాలి. ఆఖరి అద్దం వేయగానే ముఖం ముడుచుకుని, "సరే, చేసివ్వు" అన్నాడు.

ఫోనులో సిగ్నల్ బాగుండటం లేదు. ఎడమవైపు పెట్టుకుంటే కాస్త నయం.

జూన్ 9

స్టీరియో మెకానిక్ వచ్చాడు. వీడిని చూస్తున్నది ఇవాళ నిన్న కాదు. డబ్బా మూత విప్పి, మీటరు పెట్టి, అరగంట కెలికాడు.

"అక్కా, రెండువైపులా సమానంగానే వస్తోంది. చూడు, ముల్లు రెండింటికీ ఒకే చోటుకి వెళ్తోంది."

"మీటరుకి చెవులున్నాయా?"

"నాకున్నాయి కదక్కా. నాకూ బాగానే వినబడుతోంది."

"నువ్వు వినేది డబ్బా పాటలు. నీకేం తెలుస్తుంది?"

చిన్నబుచ్చుకుని సామాను సర్దుకున్నాడు. గుమ్మం దగ్గర ఏదో అన్నాడు, నాకు సరిగ్గా వినిపించలేదు. వాడు నా కుడిపక్క నిలబడి గొణిగాడు.

జూన్ 10

అత్తయ్య టీ తాగుతూ నన్నే చూస్తోంది. ఆవిడకి చెవులు పోయి పదేళ్ళు దాటింది. ఎడమది పూర్తిగా లేదు, కుడిదానికి మిషను. ఏది చెప్పాలన్నా గొంతు చించుకోవాలి. అందుకే ఇంట్లో ఆవిడకి ఎవరూ పెద్దగా ఏమీ చెప్పరు, నాతో సహా.

"అమ్మాయ్, నువ్వు తల తిప్పుతున్నావు" అంది.

"ఏంటి?"

"ఇదిగో, ఇలాగే. నాకు మొదలైనప్పుడు నేనూ ఇలాగే తిప్పేదాన్ని. ఏడాది పాటు ఇంట్లో అందరూ గొణుగుతున్నారని పోట్లాడాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నాకు జలుబు చేసింది అత్తయ్యా!" అని అరిచాను. అంత గట్టిగా అరవక్కర్లేదు.

ముసలావిడకి పొద్దుపోక ఏదో ఒకటి.

జూన్ 12

దారి దొరికింది! ఆంప్లిఫయర్ మీద బ్యాలెన్స్ మీట ఉంటుంది కదా, ఏ పక్క ఎంత శబ్దం రావాలో సరిచేసేది. ఇన్నేళ్ళలో దాన్ని ముట్టుకోలేదు. కుడికి తిప్పుతూ పోతే, ఇంచుమించు చివరిదాకా తిప్పాక, పాట నడుమకి వచ్చింది. ప్రాణం లేచొచ్చింది.

ఆయన గదిలోకి తొంగిచూసి, "ఎడమ స్పీకర్ మోగడం లేదేంటి?" అన్నారు. తలనొప్పి పాటలనే మనిషికి ఎడమేంటి, కుడేంటి!

జూన్ 13

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూశాను. కుడివైపు లేదు. తిప్పి పెట్టుకుంటే, కుడిది ఎడమకి, ఎడమది కుడికి పెట్టుకుంటే, తేలిపోతుంది. పెట్టుకోలేదు. అవి పాత హెడ్‌ఫోన్స్, వాటిని నమ్మడానికి లేదు.

జూన్ 15

ఆదివారానికి ఏవి వేయాలో ఇవాళ తేల్చుకున్నాను.

మొదట ఉత్తరాల బ్యాండు. ముగ్గురూ పగలంతా పోస్టాఫీసులో ఉత్తరాలు సర్దేవాళ్ళు, ఖాళీ దొరికితే వాయించుకునేవాళ్ళు. చేసింది ఒక్కటే ఆల్బమ్. ఒక వైపంతా ఆర్గన్ ఒకే స్వరం పట్టుకుని కదలదు. వింటుంటే మొదట విసుగొస్తుంది, తర్వాత కోపమొస్తుంది, ఆ తర్వాత ఆ రెండూ పోయి గది పెద్దదైపోతుంది. దీన్ని ఎవరికి చెప్పినా నవ్వుతారు. వినిపిస్తే నవ్వరు.

తర్వాత ఈతకొలనువాళ్ళు. నీళ్ళు తీసేసిన ఈతకొలనులో దిగి రికార్డు చేసుకున్నారు. డ్రమ్ము మీద ఒక దెబ్బ వేస్తే అది గోడలన్నీ తిరిగొచ్చి మళ్ళీ మన ముందు కూర్చుంటుంది. రెండో పాటలో ఫ్లూటు కుడివైపు.

తర్వాత పళ్ళ డాక్టరమ్మ. అప్పటికి ఇంకా డాక్టరు కాదు, చదువుకుంటోంది. గొంతుని టేపు మీద వెనక్కి తిప్పి, దాని మీద మళ్ళీ పాడింది. ఒక్క ఆల్బమ్ చేసి, ఎవరూ కొనకపోతే, పోయి పళ్ళు పీక్కుంటూ బతికింది. వెనక్కి తిప్పిన గొంతు కుడివైపు, అసలు గొంతు ఎడమవైపు.

ఆఖర్న నీలిగుర్రం. గిటారు ప్రయాణం.

ఏ పాటలో కుడివైపు ఏముందో వరసగా రాసుకుంటూ పోయాను. గుర్తున్నవన్నీ రాశాను. ఆదివారం మాట్లాడటానికి పనికొస్తుందని. చూస్తే ఇవాళ్టి రాతంతా కుడివైపు సంగతే. ఎందుకు రాస్తున్నానో నాకు తెలుసా? ఆదివారం కోసమే.

జూన్ 17

ఆయన అన్నం ముందు కూర్చుని చేయి కడుక్కోకుండా, "నా మీద కోపం ఎప్పటికి పోతుంది?" అన్నారు.

"కోపమేంటి?"

"రెండు వారాలుగా పక్క మీద నేను ఏది అడిగినా జవాబు లేదు. అటు తిరిగి పడుకుంటావు. తలనొప్పి పాటలన్నందుకా? లేక మీ తమ్ముడి పెళ్ళికి నేను రానన్నది ఇప్పుడు గుర్తొచ్చిందా? మొన్న అన్నింటికీ కలిపి క్షమించమన్నాను కూడా. ఊఁ అని కూడా అనలేదు."

ఆయన పడుకునేది నా కుడిపక్క.

ఎప్పుడన్నారు ఆ మాట? ఏమేం చెప్పారు? ఇరవై రెండేళ్ళలో ఈ మనిషి నోటినుంచి క్షమించమన్న మాట రావడం అదే మొదటిసారి. అదీ నేను వినలేదు. మళ్ళీ చెప్పమని అడగలేను కదా.

"కోపమే. ఇప్పుడు పోయింది" అన్నాను.

జూన్ 20

జలుబు తగ్గింది. చెవి తగ్గలేదు.

రాసేశాను. చాలు.

జూన్ 21

ఆదివారం అయ్యాక డాక్టరు దగ్గరికి వెళ్తాను. ముందే వెళ్తే ఏదో ఒకటి అంటాడు, నేను ఆదివారం అంతా దాని గురించే ఆలోచిస్తాను. నాలుగు రోజుల్లో మునిగిపోయేదేం లేదు.

జూన్ 25

బ్రహ్మాండం! ఇంత బాగా జరుగుతుందని కల్లో కూడా అనుకోలేదు.

కాఫీ షాపు గదిలో వాళ్ళ ఆంప్లిఫయర్ మీద కూడా మీట తిప్పి, నాకు నడుమకి వచ్చేదాకా సరిచేసుకున్నాను. ఎవరి చేయీ తగలకుండా మీటకి అడ్డంగా ఒక రికార్డు అట్ట పెట్టాను. కూటమిని నడిపేది గడ్డం మాష్టారు. పిల్లలకి రసాయనశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. ఆయన నన్ను పరిచయం చేస్తూ, "ఈవిడ మన కళ్ళకి అద్దాలిస్తుంది, ఇవాళ చెవులకి ఇస్తుంది" అన్నాడు. అందరూ నవ్వారు.

ఉత్తరాల బ్యాండుకి తలలు ఊగాయి. పళ్ళ డాక్టరమ్మ పాటకి ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. "ఆ పరాయి భాష ఏమిటండీ, గుండె పిండేసింది" అంది. పరాయి భాష కాదు, గొంతుని వెనక్కి తిప్పారు, దాని పక్కనే అసలు మాటలు ఉన్నాయి కదా అన్నాను. ఆవిడ నన్ను వింతగా చూసింది.

నీలిగుర్రం అయ్యాక చాలాసేపు ఎవరూ కదల్లేదు. తర్వాత చప్పట్లు. గడ్డం మాష్టారు నా చేయి పట్టుకుని వదల్లేదు.

"నా దగ్గరా ఈ రికార్డుందమ్మా, కానీ ఇలా ఉండదు. ఇది వేరే ముద్రణ అయ్యుండాలి. మొదట్లో ఆ నిశ్శబ్దం! అంతసేపు ఏమీ లేకుండా, ఉన్నట్టుండి గిటారు శూన్యంలోంచి పుట్టుకొచ్చింది. మళ్ళీ ఆఖర్న శూన్యంలోకే వెళ్ళిపోయింది. ఎంత ధైర్యం వాళ్ళకి!"

"అవునండీ, చాలా అరుదైన ముద్రణ" అన్నాను.

ఇంటికొచ్చి అత్తయ్యకి కూడా అరిచి చెప్పాను, అందరూ చప్పట్లు కొట్టారని. ఆవిడ నవ్వింది.

ఏ నిశ్శబ్దం?

జూన్ 26

ఏ నిశ్శబ్దం? మొదట్లో గిటారు ఎడమవైపు మోగుతూనే ఉంటుంది.

జూన్ 27

గడ్డం మాష్టారు ఫోను చేశాడు. ఎడమ చెవికి పెట్టుకున్నాను.

"ఏమీ అనుకోకమ్మా. నిన్న సామాను సర్దుతుంటే చూశాను. బ్యాలెన్స్ మీట కుడివైపు చివరిదాకా తిరిగి ఉంది. అంటే మేమంతా సగమే విన్నాం. ఎడమవైపు ఉన్నదేదీ మాకు రాలేదు. ఎవరి చేయి తగిలిందో ఏమో."

ఫోను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాను.

"అయినా భలే ఉంది సుమా! సగం రికార్డు విని మేమంతా తన్మయులైపోయాం. ఒక్కడైనా ఎడమ స్పీకరు మోగడం లేదేమని అడగలేదు. అడిగితే పక్కవాడు తెలివితక్కువవాడు అనుకుంటాడని భయం. మన సంగీతంతో ఇదే చిక్కు, ఏది పాడైనా అది కూడా గొప్పే అనుకుంటాం. నువ్వు కావాలని తిప్పలేదు కదా?"

"కావాలనే తిప్పాను. చూద్దామని" అన్నాను.

ఫోను పెట్టేసి గదిలోకి వెళ్ళాను. నీలిగుర్రం వేశాను. హెడ్‌ఫోన్స్ తిప్పి పెట్టుకున్నాను.

వచ్చింది. కుడివైపుదంతా ఎడమ చెవిలోకి వచ్చింది, కడిగిన అద్దంలా, ఒక్క గీత లేకుండా. వైరు బాగుంది. స్పీకరు బాగుంది. మెకానిక్ మంచివాడు. పరదా పాపం ఏం చేసింది! గిటారు వచ్చి నా ఎడమ చెవి పక్క నిలబడి ఏదో వెతుక్కుంది. నేను ఏడ్చాను. అంతా బాగుంది, నేను తప్ప.

జూన్ 28

చెవి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. చిన్న గాజు గది, చెవులకి హెడ్‌ఫోన్స్, చేతికి ఒక మీట. శబ్దం వినబడినప్పుడల్లా నొక్కమన్నారు. ఎడమ చెవికి పిల్లాటలా నొక్కుకుంటూ పోయాను. కుడి చెవికి మార్చాక ఏమీ రాలేదు. ఎంతసేపటికీ రాలేదు. కానీ ఎడమ చెవికి ఎంతెంత సేపటికి వచ్చాయో లయ పట్టాను కదా. ఆ లయలో నొక్కడం మొదలుపెట్టాను.

డాక్టరమ్మ తలుపు తీసి లోపలికి వచ్చింది. నా ఎడమవైపు వంగి, "శబ్దం లేనప్పుడు కూడా నొక్కుతున్నారండీ" అంది, కసురుకోకుండా.

పరీక్షలో కాపీ కొట్టి దొరికిపోయిన పిల్లలా కూర్చున్నాను. ఈ వయసులో.

లోపలి నరం ఉన్నట్టుండి దెబ్బతిందట. చాలామంది విషయంలో ఎందుకన్నది తెలియదట. ఎప్పుడు మొదలైందని అడిగింది. మూడో తారీఖున అన్నాను. పెన్ను పక్కన పెట్టింది.

"మొదటి వారంలో వచ్చి ఉంటే మందులకి లొంగే అవకాశం బాగా ఉండేది. ఇన్నాళ్ళూ ఏం చేశారు?"

వైర్లు మార్చాను అని ఎలా చెప్పను?

"జలుబనుకున్నాను" అన్నాను. అక్కడా అదే మాట.

కర్ణభేరిలోంచి లోపలికి ఇంజెక్షన్లు ఇస్తుంది. ఆలస్యమైంది కాబట్టి మాటివ్వలేనంది. ఇవ్వండి, ఎన్నయినా ఇవ్వండి అన్నాను.

జూన్ 29

ఆయనకి చెప్పాను. మొదట నవ్వారు, నమ్మలేదు. తర్వాత పక్క మీద తన తలగడ తీసి ఎడమపక్క పెట్టారు.

జూలై 2

రెండో ఇంజెక్షను. లోపల చల్లటి నీళ్ళు పోసినట్టుంది, గది గిర్రున తిరిగింది. ఇంటికొచ్చి పడుకుని, కుడి చెవి దగ్గర వేళ్ళు రాపాడించి చూశాను. ఏదో వినిపించింది. నిజంగా వినిపించింది.

జూలై 3

ఎడమ చెవిని గట్టిగా మూసి రాపాడించి చూశాను. ఏమీ లేదు.

జూలై 6

ఏమీ లేదు.

జూలై 7

ఏమీ లేదు. ఆ తర్వాత ఎడమ చెవి తీసుకుపోయినా సరే, ఒక్క నీలిగుర్రం రెండు చెవులతో విననివ్వమని ఎవరినో బతిమాలుకుంటున్నాను. ఎవరినో తెలియదు. ఎడమది కూడా పోతే? ఆ భయంతో దుకాణంలో ఫ్రేము చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

జూలై 10

ఏమీ లేదు.

జూలై 14

మళ్ళీ గాజు గది. ఈసారి మోసం చేయలేదు. చేతిలో మీట అలాగే ఉంది, ఒక్కసారి కూడా నొక్కలేదు. డాక్టరమ్మ కాగితం చూపించలేదు. "ఇక ఇంజెక్షన్లు వద్దండీ" అంది.

ఆ పెద్దాయన గుర్తొచ్చాడు, పేపరువాళ్ళు ఇంకు తగ్గించారన్నవాడు. ఆయనకి నేను అద్దం వేసి ఇచ్చాను. నాకెవరూ ఏమీ వేయలేరు.

జూలై 15

రికార్డులన్నీ అట్టపెట్టెల్లో సర్దాను. గడ్డం మాష్టారుకి ఇచ్చేస్తాను. నాకు వీటితో పనేముంది? సగం వినడానికి ఎవడు చేశాడు వాటిని? మా ఆయన గుమ్మంలో నిలబడి, "ఉండనీ, పాపం" అన్నారు. తలనొప్పి పాటలే కదా, పోతే మీకు మంచిదే కదా అని అరిచాను. ఆయన ఒక పెట్టె తీసుకుని మళ్ళీ అరలో సర్దడం మొదలుపెట్టారు, అన్నీ తలకిందులుగా. నడుం సరిగ్గా వంగదు ఆయనకి. నేను చూస్తూ కూర్చున్నాను, సాయం చేయలేదు.

జూలై 16

మాష్టారుకి ఫోను చేసి నిజం చెప్పాను. మీట తిప్పింది కావాలని కాదు, నాకు అలాగే వినబడింది అని. అడ్డం రాకుండా అంతా విన్నాడు. తర్వాత, "అయితే ఆ రోజు మేమంతా నీ చెవితో విన్నామన్నమాట" అన్నాడు.  ఆ మాట నాకు నచ్చలేదు. నాకు కావలసింది నా చెవి.

జూలై 23

వారం రోజులుగా హెడ్‌ఫోన్స్ తిప్పే పెట్టుకుంటున్నాను. అలా పెట్టుకుంటే కుడివైపుది వస్తుంది, పోగొట్టుకున్నదాన్ని ఒక్కదాన్నే పక్కకి తీసి చూసుకున్నట్టు. సరిగ్గా పెట్టుకోవాలంటే భయం. గిటారు వెళ్ళిపోతుంది, అది వెళ్ళిన చోటికి నేను వెళ్ళలేను.

ఇవాళ మధ్యాహ్నం అత్తయ్య నా గదిలోకి వచ్చింది. ఎప్పుడూ రాదు. సోఫాలో నాకు ఎడమపక్కన కూర్చుంది. ఆవిడ మిషను చెవి నావైపు, నా మంచి చెవి ఆవిడవైపు. ఇన్నేళ్ళలో ఈ కొలత ఎవరికీ తట్టలేదు. నేను అరవకుండా మాట్లాడాను, ఆవిడకి వినిపించింది.

"ఏముంటుంది అందులో? రోజూ ఏడుస్తూ వింటావు" అంది.

చెప్పాను. గిటారు ఎడమనుంచి బయల్దేరుతుందని, కుడికి పోతుందని, అక్కడ చాలాసేపు ఉంటుందని.

"మరి తిరిగొస్తుందా?"

"వస్తుంది. ఆఖర్న."

"అయితే పెట్టుకో. చూస్తాను."

"మీకేం వినబడుతుంది అత్తయ్యా?"

"వినడానికెవరొచ్చారు? నీ ముఖం చూస్తాను. పదేళ్ళుగా ఈ ఇంట్లో నేను చేసేది అదే కదా."

లేచి కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది, మోకాళ్ళు మోకాళ్ళకి తగిలేంత దగ్గరగా. నేను హెడ్‌ఫోన్స్ సరిగ్గా పెట్టుకున్నాను, ఎడమది ఎడమకి, కుడిది కుడికి. రికార్డు మొదలైంది. గిటారు ఎడమ చెవి దగ్గర కాసేపు ఆడింది. తర్వాత నడక మొదలుపెట్టింది. దూరమైంది. ఇంకా దూరమైంది. పోయింది. మిగిలిందల్లా ఎక్కడో పలచగా డ్రమ్ము, లోపలి జుయ్యిమన్న మోత.

 హెడ్‌ఫోన్స్ లాగేద్దామని చేయెత్తాను. అత్తయ్య నా రెండు చేతులూ పట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడ పెదాలు కదిలాయి. శబ్దం రాలేదు, పెదాలే చూశాను.

"పోయిందా?"

తలూపాను.

"ఉండు" అన్నాయి పెదాలు.

ఉన్నాను. అది అక్కడ, ఆ పక్కన, నేను లేనిచోట ఒక్కతే వెతుక్కుంటూనే ఉందని నాకు తెలుసు. ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ తడబడుతుందో నాకు తెలుసు. వినబడకపోయినా దాని వెంటే నడిచాను. కళ్ళు మూసుకోలేదు, ఆవిడ ముఖమే చూస్తూ కూర్చున్నాను. పాట ఇంత పొడవుంటుందని ఎప్పుడూ అనిపించలేదు.

నేను ఏమీ చెప్పలేదు, తల కూడా ఊపలేదు. అత్తయ్య ముఖం వెలిగింది. నా చేతులు గట్టిగా నొక్కింది.

"వచ్చింది" అంది.